మెక్‌డొవెల్ కౌంటీ: పైనున్న లవం సరే, కింద హారం ఏది?

వెస్ట్ వర్జీనియా దక్షిణం కొసన వెల్చ్ అనే చిన్న ఊరుంది. 2010 జనగణనలో అక్కడ 2,406 మంది. 2020లో 3,590. అంటే పదేళ్ళలో దాదాపు సగం పెరిగింది. అదే పదేళ్ళలో, వెల్చ్ ముఖ్యపట్టణంగా ఉన్న మెక్‌డొవెల్ కౌంటీ 22,113 నుంచి 19,111కి దిగిపోయింది. ఊరికి ఫ్యాక్టరీ వచ్చిందా అంటే లేదు. పక్కన కింబాల్‌లో ఉన్న వాల్‌మార్ట్ కూడా 2016లో తలుపులు మూసేసింది. మరి ఈ కొత్త జనం ఎవరు?

ఎక్కువమంది ఖైదీలు. 2010 ప్రాంతంలో వెల్చ్ దగ్గర ఒక ఫెడరల్ జైలు మొదలైంది. ఊళ్ళోనే పాత ఆస్పత్రి భవనంలో రాష్ట్రానికి చెందిన జైలు ఇంకొకటి ఉంది. అమెరికా జనగణన నియమం ప్రకారం ఖైదీ ఏ జైల్లో ఉంటే ఆ ఊరివాడి కిందే లెక్క. అతని భార్యాపిల్లలు ఒహాయోలో ఉండొచ్చు, అతను వెల్చ్ బజారులో ఒక్కసారీ అడుగు పెట్టకపోవచ్చు. లెక్కలో మాత్రం వెల్చ్ పౌరుడే.

అమెరికా గ్రామీణ కౌంటీల గణాంకాలు చూసేటప్పుడు తెలుగువాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. శాతం కనబడగానే పైనున్న లవం మీదే మనసు పడుతుంది, కిందున్న హారంలో ఎవరున్నారో, ఎవరు లేరో చూడం. ఈ పోస్టంతా ఆ హారం గురించే. ఉదాహరణకి మెక్‌డొవెల్‌ని తీసుకోవడానికి కారణం, అమెరికాలో పేదరికం మీద ఏ వార్తాకథనం రాసినా ఈ పేరు వస్తుంది, వచ్చినప్పుడల్లా అంకెలు ఎలాపడితే అలా వాడతారు.

ముందు కొలతలు. కౌంటీ అంటే మనం జిల్లా అని అనువదించుకుంటాం. పాలనలో అది కొంతవరకు నిజమే గానీ జనాభాలో కాదు. అమెరికాలో మూడు వేల నూట నలభై పైచిలుకు కౌంటీలున్నాయి. 2020 లెక్కన లాస్ ఏంజెలెస్ కౌంటీలో కోటి మంది, టెక్సస్‌లోని లవింగ్ కౌంటీలో 64 మంది. మెక్‌డొవెల్ విస్తీర్ణం సుమారు 533 చదరపు మైళ్ళు, అంటే 1,380 చదరపు కిలోమీటర్లు. 217 చదరపు కిలోమీటర్ల హైదరాబాద్ జిల్లాలాంటివి ఆరు అందులో పడతాయి. జనం మాత్రం మనవైపు ఒక మండలంలో ఉన్నంతమంది కూడా లేరు. చదరపు కిలోమీటరుకి 14 మంది. అదీ సమంగా పరుచుకుని కాదు. కొండల మధ్య వాగు పారే ఇరుకు లోయల్లో, రోడ్డూ రైలుపట్టా వాగూ పోగా మిగిలిన పట్టీ మీద వరసగా ఇళ్ళుంటాయి. ఆ లోయల్ని అక్కడివాళ్ళు ‘హాలర్’ అంటారు. కొండ మీద ఎవరూ ఉండరు. కాబట్టి ఆ 14 అనే సగటు ఏ హాలర్‌కీ సరిపోదు, ఏ కొండకీ సరిపోదు.

డేటా దించుకునే ముందు ఒక జాగ్రత్త. మెక్‌డొవెల్ పేరుతో నార్త్ కరొలైనాలోనూ ఒక కౌంటీ ఉంది. మరియన్ దాని ముఖ్యపట్టణం, జనాభా దీనికి రెట్టింపు పైన, ఆర్థిక పరిస్థితీ వేరు. పేరుతో వెతికితే రెండూ కలిసిపోతాయి. పేరుతో కాకుండా ఫిప్స్ కోడ్‌తో, అంటే ప్రతి కౌంటీకి ఉండే అయిదంకెల గుర్తింపు సంఖ్యతో పట్టుకోండి. వెస్ట్ వర్జీనియా మెక్‌డొవెల్‌ది 54047, నార్త్ కరొలైనాది 37111. మొదటి రెండంకెలు రాష్ట్రం, తరువాతి మూడు కౌంటీ. దేశమంతా ఒకే ఫైల్లో దించుకుని ఎక్సెల్‌లో తెరిస్తే అలబామా, అరిజోనా, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల కోడ్‌ల ముందున్న సున్నా ఎగిరిపోతుంది. 01001 కాస్తా 1001 అవుతుంది, రెండు ఫైళ్ళు కలిపినప్పుడు ఆ వరసలు రాలిపోతాయి. కోడ్ ఉన్న నిలువు వరసని టెక్స్ట్‌గా పెట్టాకే ఫైలు లోపలికి తెచ్చుకోండి. కోడ్‌లు మారడం కూడా ఉంది. సౌత్ డకోటాలో షానన్ కౌంటీ 2015లో ఓగ్లాలా లకోటా కౌంటీ అయింది, 46113 పోయి 46102 వచ్చింది. పాత ఫైలు, కొత్త ఫైలు కలిపితే ఒక కౌంటీ మాయమై ఇంకొకటి పుట్టినట్టు కనిపిస్తుంది.

ఇక జనాభా గీత. మెక్‌డొవెల్ గురించి ఒకే ఒక్క వరస చూడదలిస్తే ఇదే చూడాలి. 1880లో 3,074 మంది. 1880ల చివర నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైలు కొండ తొలుచుకుని వచ్చింది. 1900కి 18,747. 1910కి 47,856. 1930కి 90,479. 1950లో శిఖరం, 98,887. కారణం పోకహాంటస్ పొరల బొగ్గు. బూడిద తక్కువ, గంధకం తక్కువ, ఉక్కు కొలిమికి కోక్ చేయడానికి పెట్టింది పేరు. యూఎస్ స్టీల్ కంపెనీ ఇక్కడ గేరీ అని ఊరికి ఊరే కట్టించింది.

తరువాత దిగడం. 1960కి 71,359. 1970కి 50,666. 1980కి 49,899. 1990కి 35,233. 2000కి 27,329. ఆపైన మొదట చెప్పిన రెండు అంకెలు. డెబ్బై ఏళ్ళలో నూటికి 81 మంది పోయారు.

ఈ దిగుడులో మెట్లు ఒక్కలా లేవు, అక్కడే విషయమంతా ఉంది. 1950లలో 28 శాతం, 1960లలో 29 శాతం తగ్గింది. అప్పట్లో బొగ్గుకి గిరాకీ పూర్తిగా పడిపోలేదు. 1950లో గని కార్మికుల యూనియన్, యజమానులు ఒప్పందం చేసుకున్నారు. యంత్రాలకి యూనియన్ అడ్డు చెప్పదు, బదులుగా మిగిలినవాళ్ళకి మంచి జీతం, వైద్యం. పారతో బొగ్గెత్తి టబ్బులో పోసే పని, బొగ్గుని తానే తవ్వి ఎత్తే కంటిన్యువస్ మైనర్ యంత్రానికి పోయింది. కొత్తగూడెం, ఇల్లెందు వైపువాళ్ళకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. సింగరేణిలో తొంభైల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు తరువాత 40 వేల చుట్టుపక్కలకి తగ్గారు. అదీ బొగ్గు ఉత్పత్తి పెరుగుతుండగానే. తేడా ఏమిటంటే కొత్తగూడెం పక్కన పొలాలున్నాయి, వేరే ఊళ్ళున్నాయి. హాలర్‌లో బొగ్గు పోతే సాగుకి నేల లేదు.

1970లలో తగ్గింది 1.5 శాతమే. 1973 చమురు సంక్షోభంతో బొగ్గు ధర లేచింది, గనులు మళ్ళీ మనుషుల్ని తీసుకున్నాయి. 1969 చట్టంతో ఊపిరితిత్తుల్లో బొగ్గుపొడి పేరుకున్న కార్మికులకి ఫెడరల్ పరిహారం కూడా మొదలైంది. 1980లలో అమెరికా ఉక్కు పరిశ్రమ కుప్పకూలింది, గేరీ గనులు మూతపడ్డాయి. మళ్ళీ 29 శాతం. 2010లలో తగ్గుదల 13.6 శాతం అని చూసి ‘వేగం తగ్గింది’ అని రాసేవాళ్ళున్నారు. అందులో జైలు కలిసింది. ఖైదీలని తీసేసి ఇళ్ళల్లో ఉండే జనాన్ని మాత్రమే లెక్కిస్తే పతనం ఇంకా నిటారుగా ఉంటుంది. దీనికి వాడాల్సిన పట్టిక 2020 జనగణనలో నియోజకవర్గాల పునర్విభజన కోసం ఇచ్చిన ఫైల్లోని పి5. జైళ్ళు, హాస్టళ్ళలాంటి సామూహిక నివాసాల్లో ఎంతమంది ఉన్నారో, అందులో జైళ్ళలో ఎంతమందో విడిగా ఇస్తుంది. ఏ గ్రామీణ కౌంటీ అయినా ముందు ఈ పట్టిక తెరవండి. మగవాళ్ళు ఆడవాళ్ళకంటే బాగా ఎక్కువగా ఉన్నా, 25 నుంచి 45 ఏళ్ళ మగవాళ్ళ దగ్గర వయసు పిరమిడ్ ఉబ్బినట్టున్నా, లోపల జైలుందని అనుమానించండి. నల్లజాతి వారి శాతం కూడా అంతే. మెక్‌డొవెల్‌లో గనుల కాలం నుంచీ పాతుకుపోయిన నల్లజాతి సమాజం ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికుల కోసం 1928లో కట్టిన స్మారక భవనం కింబాల్‌లో ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ కుటుంబాలనీ, బయటినుంచి తెచ్చిపెట్టిన ఖైదీలనీ ఒకే గడిలో కలిపి చదివితే రెండు కథలూ పోతాయి.

2020 జనగణనకి ఇంకొక చిక్కు. వ్యక్తుల వివరాలు బయటపడకుండా జనగణన సంస్థ అంకెల్లో కావాలని కొంచెం కల్తీ కలిపింది. రాష్ట్రం మొత్తం జనాభా, ప్రతి బ్లాకులోని (జనగణనలో అతి చిన్న ముక్క) ఇళ్ళ సంఖ్య, సామూహిక నివాసాల సంఖ్య మాత్రం ముట్టుకోలేదు. కౌంటీ స్థాయిలో ఈ తేడా లెక్కలోకి రాదు. ఒక్క హాలర్, ఒక్క బ్లాకు తీసుకుంటే మాత్రం ఇళ్ళు పది, మనుషులు ఇద్దరు లాంటి వింతలు కనిపిస్తాయి. బ్లాకుల్ని గుంపులుగా కలిపి చూడాలి, విడిగా ఒక్కటి నమ్మకూడదు.

ఉద్యోగాల సంగతి. నిరుద్యోగ రేటు చూస్తే మెక్‌డొవెల్ అంత భయంకరంగా అనిపించదు. మామూలు ఏళ్ళలో ఒకంకెలోనే ఉంటుంది. కానీ ఆ రేటుకి హారం పని చేస్తున్నవాళ్ళు, పని వెతుకుతున్నవాళ్ళు మాత్రమే. వెతకడం మానేసినవాడు నిరుద్యోగి కాదు. నడుం విరిగి డిసెబిలిటీ (వైకల్య భృతి) మీద ఉన్నవాడు కాదు, మనవల్ని పెంచుతున్న అమ్మమ్మ కాదు. అందుకే పక్కనే శ్రామికశక్తి భాగస్వామ్యం కూడా చూడాలి. 16 ఏళ్ళు దాటినవాళ్ళలో పనిలోనో వెతుకులాటలోనో ఉన్నది ఇక్కడ మూడో వంతు చుట్టుపక్కలే. దేశం మొత్తానికి ఇది 60 శాతం పైన.

ఈ మూడో వంతులోనూ జైలు దూరింది. అమెరికన్ కమ్యూనిటీ సర్వే, అందరూ ఏసీఎస్ అనేది, 16 ఏళ్ళు దాటిన జనంలో ఖైదీలని కూడా కలుపుతుంది, శ్రామికశక్తిలో లేరని రాస్తుంది. కార్మిక శాఖ నెలనెలా ఇచ్చే నిరుద్యోగ లెక్క ఖైదీలని అసలు తీసుకోదు. రెండింటినీ ఒకే వాక్యంలో పెడితే హారాలు రెండు రకాలు. ఎంత తేడా వస్తుందో గుండ్రటి ఊహా అంకెలతో చూడండి. 16 దాటినవాళ్ళు 16,000, శ్రామికశక్తి 5,000 అనుకుంటే 31 శాతం. అందులో 1,500 మంది ఖైదీలైతే, వాళ్ళని తీసేసి 5,000ని 14,500తో భాగిస్తే 34.5. మూడు పాయింట్లకు పైగా కేవలం గోడ లోపలివాళ్ళ వల్ల. తీసినా తక్కువే, నిజమే. కానీ ‘బద్ధకం’ అని తీర్పు చెప్పే ముందు ఈ భాగహారం చేయాలి. వయసు కూడా చూడాలి. అయిదుగురిలో ఒకరికి పైగా 65 దాటినవాళ్ళే. 25–54 వయసువాళ్ళని విడదీసి చూస్తేనే మిగతా కౌంటీలతో పోల్చడం న్యాయం.

జీతాలది ఇంకొక తిరకాసు. యజమానులు ఇచ్చే లెక్కల నుంచి వచ్చే సగటు వారజీతం పనిచేసే చోటుది, నివసించే చోటుది కాదు. గని మెక్‌డొవెల్‌లో ఉంటే, అందులో పనిచేసేవాడు పక్కనున్న మెర్సర్ నుంచో, వర్జీనియాలోని టాజ్‌వెల్ నుంచో కారులో వచ్చి పోయినా జీతం మెక్‌డొవెల్ ఖాతాలోనే పడుతుంది. బొగ్గుగని జీతాలు పెద్దవి, కాబట్టి సగటు పైకి లేస్తుంది. కుటుంబ ఆదాయం మధ్యగతం మాత్రం ఏసీఎస్‌లో నివాసం ప్రకారం వస్తుంది. అది 2018–22లో 28 వేల డాలర్ల దగ్గర తిరిగింది, దేశానిది 75,149. కౌంటీ సగటు జీతాన్నీ, ఈ మధ్యగతాన్నీ పక్కపక్కన పెట్టి ఏదో తప్పుందని కంగారుపడేవాళ్ళు చాలామంది. తప్పేమీ లేదు, రెండూ వేరే జనాల గురించి చెప్తున్నాయి. మొత్తం వ్యక్తిగత ఆదాయంలో సగం దరిదాపు ప్రభుత్వ చెల్లింపులే: సోషల్ సెక్యూరిటీ, మెడికేర్, మెడికెయిడ్, డిసెబిలిటీ, ఆహార సహాయం. ఇందులో మెడికేర్ (వృద్ధుల వైద్యబీమా), మెడికెయిడ్ (పేదల వైద్యబీమా) సొమ్ము ఆస్పత్రికి పోతుంది, మనిషి చేతికి రాదు. అయినా ఆర్థిక విశ్లేషణ విభాగం దాన్ని అతని ఆదాయంగానే రాస్తుంది.

ఏసీఎస్ వాడేటప్పుడు చేసే తప్పుల్లో మొదటిది ‘2022లో ఇంత’ అని రాయడం. 65 వేలు దాటిన చోట్లకే ఒక్క ఏడాది అంచనాలు ఇస్తారు. మెక్‌డొవెల్‌కి వచ్చేది అయిదేళ్ళ అంచనానే, అంటే 2018 నుంచి 2022 దాకా పోగైన జవాబుల కలగూరగంప. రెండోది, 2017–21ని 2018–22తో పోల్చి మార్పు వచ్చిందనడం. నాలుగేళ్ళ డేటా రెండింట్లోనూ ఉంది. అతివ్యాప్తి లేని 2013–17, 2018–22 తీసుకోవాలి. మూడోది, అంకె పక్కనున్న ‘అటూఇటూ’ని చూడకపోవడం. ఆ హద్దు 90 శాతం నమ్మకం మీద ఇస్తారు. రెండు కాలాల మధ్య తేడా నిజమా కాదా చూడాలంటే రెండు హద్దుల్నీ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీయండి. ఊహా ఉదాహరణ: ముందు పేదరికం 35 శాతం, అటూఇటూ 4. తరువాత 31 శాతం, అటూఇటూ 5. 16కి 25 కలిపితే 41, వర్గమూలం 6.4. తేడా 4 మాత్రమే, 6.4 కంటే తక్కువ. కాబట్టి పేదరికం తగ్గిందని రాయడానికి వీల్లేదు. తగ్గలేదనీ రాయకూడదు. సర్వేకి ఆ తేడా కనిపించేంత చూపు లేదు, అంతే.

పేదరికం రేటుకి జైలు అంటుకోదు. జైళ్ళు, కాలేజీ హాస్టళ్ళలో ఉండేవాళ్ళని ఆ హారంలోనే కలపరు. మొత్తం జనాభాని పేదరికం శాతంతో గుణించి ‘ఇంతమంది పేదలు’ అని తేల్చేవాళ్ళు ఇక్కడ బోల్తా కొడతారు. ఏసీఎస్ బి17001 పట్టికలో మొదటి వరస చూస్తే సరైన హారం ఉంటుంది. ఏడాది ఏడాదికీ కదలిక కావాలంటే సైపీ అనే మోడల్ అంచనాలు వాడండి. పన్ను రిటర్నులు, ఆహార సహాయం రికార్డులు కలిపి కౌంటీ స్థాయిలో ప్రతి ఏడాదీ ఒక అంకె ఇస్తుంది. బళ్ళో ఉచిత భోజనం శాతాన్ని పేదరికానికి కొలతగా వాడడం పాత అలవాటు, ఇప్పుడు మానుకోవాలి. 2010 చట్టం తరువాత పేద ప్రాంతాల బడులు ఇంటి ఆదాయం అడగకుండానే అందరికీ ఉచితంగా పెట్టొచ్చు. అప్పట్నుంచి ఆ శాతం పిల్లల గురించి కాదు, బడి నిర్ణయం గురించి చెప్తోంది.

ఆహార సహాయం అంటే గుర్తొచ్చింది, అది ఇప్పటి రూపంలో మొదలైంది ఈ కౌంటీలోనే. 1960 ప్రైమరీ ఎన్నికల ప్రచారంలో కెనెడీ ఈ గనుల ఊళ్ళు తిరిగాడు. గెలిచాక 1961 మే నెలలో ఫుడ్ స్టాంపుల (తిండి సరుకులు కొనుక్కునే కూపన్ల) ప్రయోగం పెట్టినప్పుడు మొదటి స్టాంపులు అందుకున్నది మెక్‌డొవెల్‌లోని పని పోయిన ఒక గని కార్మికుడి కుటుంబం. ఇంట్లో పదిహేను మంది, అందుకున్నవి 95 డాలర్ల స్టాంపులు. ఏసీఎస్‌లో ఈ సహాయం పొందే కుటుంబాల శాతం రాష్ట్ర శాఖ రికార్డులకంటే తక్కువగానే ఉంటుంది. సర్వేలో జనం చెప్పరు, మర్చిపోతారు. పైగా ఒకటి కుటుంబాల లెక్క, ఇంకొకటి మనుషుల లెక్క.

ఆయుష్షు. మెక్‌డొవెల్‌ని ప్రపంచానికి తెలిపిన అంకె ఇది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని ఆరోగ్య గణాంకాల సంస్థ లెక్కల్లో 2010 ప్రాంతంలో ఇక్కడి మగవాళ్ళ ఆయుఃప్రమాణం 64 ఏళ్ళు, ఆడవాళ్ళది 73. కారులో సుమారు 350 మైళ్ళ దూరంలో ఉన్న వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో మగవాళ్ళది 82. మనతో పోల్చుకోవాలంటే 2009–13 నమూనా నమోదు పట్టికల్లో భారతదేశపు మగవాళ్ళ ఆయుఃప్రమాణం 65.8.

ఇది నమ్మదగినదేనా? చిన్న కౌంటీలో ఒక్కో వయసులో చావులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, కాబట్టి ఇలాంటి ఆయుఃప్రమాణం నేరుగా లెక్కపెట్టింది కాదు. పొరుగు కౌంటీల నుంచి, ముందు వెనక ఏళ్ళ నుంచి, ఆదాయం చదువుల నుంచి కొంత ‘అరువు’ తెచ్చుకున్న మోడల్ అంచనా. దిశ సరైనదే, దశాంశాల మీద పోట్లాడుకోవడం దండగ. రెండోది, ఎవరు మిగిలారన్నది. 98,887లో పోయినవాళ్ళు ఎక్కువగా పనిచేయగల వయసువాళ్ళు, ఆరోగ్యవంతులు. వాళ్ళు డెట్రాయిట్‌లోనో షార్లట్‌లోనో ఎనభై ఏళ్ళు బతికితే ఆ ఎనభై అక్కడ పడుతుంది. మెక్‌డొవెల్‌లో పుట్టినవాళ్ళ ఆయుష్షు, మెక్‌డొవెల్‌లో మిగిలినవాళ్ళ ఆయుష్షు ఒకటి కావు. అలాగని దీంతో తేడా అంతా కొట్టుకుపోదు. గనిలో ఊపిరితిత్తులకి వచ్చిన జబ్బు, పొగాకు, నడుంనొప్పికి రాసిన మాత్రలతో మొదలై మత్తుమందుల దాకా పోయిన మరణాలు నిజమైనవి.

ఆ మరణాల అంకెలు వెతికేవాళ్ళకి ఒక మాట. కేంద్ర వ్యాధి నియంత్రణ సంస్థ వండర్ డేటాబేసులో పది లోపు చావులుంటే గడిలో అంకె దాచేస్తారు. ఇరవై లోపుంటే రేటు పక్కన నమ్మలేమని రాస్తారు. ఒక్క ఏడాది, ఒక్క కారణం, ఒక్క కౌంటీ అడిగితే ఖాళీ గడే వస్తుంది. అయిదేళ్ళు కలిపి అడగండి. దాచిన గడిని సున్నాగా తీసుకున్న పటాలు నెట్‌లో బోలెడు, ఆ పటాల్లో చిన్న కౌంటీలన్నీ ఆరోగ్యంగా ఉన్నట్టు తెల్లగా మెరుస్తుంటాయి. వయసు సవరించిన రేటే తీసుకోండి, ముసలి కౌంటీని మామూలు రేటుతో తూచకూడదు. శిశుమరణాలకి ఇది ఇంకా ముఖ్యం. ఏడాదికి 200 కాన్పులున్న చోట ఒక్క బిడ్డ పోతే వెయ్యికి 5, ఇద్దరు పోతే 10. ‘ఏడాదిలో రెట్టింపు’ అని శీర్షిక పెట్టడానికి ఒక్క దురదృష్టం చాలు.

దూరాల గురించి క్లుప్తంగా. వ్యవసాయ శాఖ ఆహార లభ్యత పటంలో గ్రామీణ ప్రాంతానికి హద్దు పది మైళ్ళు, అదీ కాకి ఎగిరే దారిన. మెక్‌డొవెల్‌లో కాకికి పది మైళ్ళంటే కారుకి కొండ చుట్టి ఎంతవుతుందో రోడ్డు పటంలో కొలవాలి. ఇంటర్నెట్ విషయంలో 2022 నవంబరు ముందు పటాలు పక్కన పెట్టేయండి. వాటిలో బ్లాకులో ఒక్క ఇంటికి సర్వీసు ఇవ్వగలిగినా బ్లాకంతా ఉన్నట్టే రంగు వేసేవారు. ఎన్నికలు చూడదలిస్తే, 2008లో ఒబామా గెలిచిన కౌంటీ ఇది, 2012 నుంచి రిపబ్లికన్లది. శాతాలతోపాటు పోలైన ఓట్ల సంఖ్య కూడా చూడండి, అంతే.

తెలుగువాళ్ళకి ఇలాంటి కౌంటీలతో పని పడేది ముఖ్యంగా వైద్యుల ద్వారా. జె-1 వీసా మీద రెసిడెన్సీ (ఆస్పత్రిలో వైద్య శిక్షణ) చేసినవాళ్ళు, ఆ తరువాత రెండేళ్ళు స్వదేశంలో ఉండాలన్న నియమం తప్పించుకోవాలంటే, వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్ళు పనిచేసే కాన్రాడ్ 30 దారి ఉంది. రాష్ట్రానికి ఏడాదికి ముప్ఫై. అలా అప్పలాచియా కొండల్లోకి వెళ్ళే కుటుంబాలు ముందు చూసేది ఇంటి ధర. మెక్‌డొవెల్‌లో సొంత ఇంటి విలువ మధ్యగతం యాభై వేల డాలర్ల అటూఇటూ. ఇళ్ళల్లో ఉండేవాళ్ళలో ముప్పావు వంతుకు పైగా సొంతదార్లే. చూడగానే స్వర్గంలా ఉంటుంది. ఆ ఇళ్ళలో చాలా భాగం ఒకప్పుడు కంపెనీ కట్టి తరువాత కార్మికులకి అమ్మేసినవి. చుట్టూ ఉన్న కొండలు, కిందున్న బొగ్గు చాలావరకు బయటి కంపెనీలవి. ఇల్లు సొంతం, అమ్మితే కొనేవాడు లేడు. పల్లపు నేలంతా వాగు పక్కనే. 2001, 2002, 2025 వరదలు అన్నీ అదే పట్టీ మీదికి వచ్చాయి.

నాలుగో వంతుకు పైగా ఇళ్ళు ఖాళీ అని పట్టిక చెప్తుంది. బి25004 తెరిస్తే అవి అద్దెకి, అమ్మకానికి ఉన్నవి కావనీ ఎక్కువ భాగం ‘ఇతర ఖాళీ’ అనీ తేలుతుంది. అంటే వారసులు ఎక్కడో ఉన్నవి, మరమ్మతు లేనివి. పైకప్పు పోయి లోపలికి వాన పడే ఇంటిని జనగణన అసలు ఇల్లుగానే లెక్కపెట్టదు. కాబట్టి ఇల్లు కూలేదాకా ఖాళీల శాతం పెరుగుతూ పోతుంది, కూలాక లవం నుంచీ హారం నుంచీ మాయమై శాతం కొంచెం ‘మెరుగవుతుంది’. అద్దెకి ఇల్లు దొరకడం మాత్రం కష్టమే.

అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది బి25047, ‘పూర్తి ప్లంబింగ్’ పట్టిక. అందులో దాదాపు ఇళ్ళన్నిటికీ ప్లంబింగ్ ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ ప్రశ్న ఇప్పుడు అడిగేది రెండే: వేడినీళ్ళూ చన్నీళ్ళూ పంపులో వస్తాయా, స్నానానికి తొట్టో షవరో ఉందా. మరుగుదొడ్డి ప్రశ్నని 2016 నుంచి ఏసీఎస్‌లో తీసేశారు. మురుగు ఎక్కడికి పోతుందని జనగణన చివరిసారి అడిగింది 1990లో. మెక్‌డొవెల్ హాలర్‌లలో చాలా ఇళ్ళకి మురుగుశుద్ధి లేదు. ఇంటి వెనక నుంచి గొట్టం నేరుగా వాగులోకి దిగుతుంది, దాన్ని ‘స్ట్రెయిట్ పైప్’ అంటారు. లోయ ఇరుకు, కింద రాయి, సెప్టిక్ ట్యాంకు గుంతకి చోటుండదు. ప్రతి ఇంటికీ కాలువ గొట్టం వేయాలంటే మైలుకి పడే ఖర్చు పంచుకోవడానికి ఇళ్ళు చాలవు. నీళ్ళూ అంతే. గనుల కంపెనీలు వేసిన పాత గొట్టాలే ఊరికి మిగిలిన చోట్ల కాచి తాగమనే హెచ్చరిక ఏళ్ళ తరబడి నడిచింది. కీస్టోన్‌లో అది దాదాపు పదేళ్ళు. జనం రోడ్డు పక్క ఊటల దగ్గర డబ్బాలు పట్టుకుంటారు. పట్టికలో మాత్రం ఆ ఇంటికి పూర్తి ప్లంబింగ్ ఉంది.

కాబట్టి అక్కడ ఇల్లు చూసుకునేవాళ్ళు పట్టిక మూసేసి నీళ్ళూ మురుగూ చూసే స్థానిక సంస్థకి (పేరు ‘ప్రజాసేవల జిల్లా’) ఫోన్ చేసి అడగాల్సినవి ఇవి: ఈ చిరునామాకి నీళ్ళు ఏ వ్యవస్థ నుంచి, గత రెండేళ్ళలో కాచి తాగమని ఎన్నిసార్లు చెప్పారు, మురుగు కాలువకా సెప్టిక్‌కా. సెప్టిక్ అంటే కౌంటీ ఆరోగ్య శాఖ దగ్గర దాని అనుమతి కాగితం ఉందో లేదో అడగండి. కాగితం లేదంటే, ఇంటి వెనక్కి వెళ్ళి వాగు ఒడ్డున గొట్టం ఎక్కడ తేలుతుందో చూసి రండి.